నా ఫస్ట్ ఓటు నీ గ్రీన్‌కార్డు కోసం కాదు నాన్నా

"నా ఫస్ట్ ఓటు నీ గ్రీన్‌కార్డు కోసం వెయ్యను నాన్నా."

గిటారు తీగలు బిగించుకుంటూ, తల కూడా ఎత్తకుండా అంది మా అమ్మాయి. కోపంలో అన్న మాట అయితే నేనూ నాలుగు అనేవాణ్ణి. మామూలుగా, పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా అంది.

దానికి పదహారేళ్లు. నార్త్ కరోలినాలో పదహారు నిండితే ఓటుకు ముందుగానే పేరు నమోదు చేయించుకోవచ్చు. స్కూల్లో ఫారాలు పంచారట, నింపి ఇచ్చేసింది. ఇన్నేళ్లుగా పన్నులు కడుతున్న నాకు లేని హక్కు నా కూతురికి రాబోతోందంటే మురిసిపోయాను. మురిసిపోయి ఊరుకోవచ్చుగా! "ఎవరికైనా వెయ్యి తల్లీ, కాకపోతే వీసాల సంగతి ఎవరేమంటున్నారో ఒక్కసారి చూసుకో" అన్నాను. దానికొచ్చిన జవాబు అది.

ఇక్కడ ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని రూలు. 2024 అధ్యక్ష ఎలక్షన్ నాటికి నేనున్న ఈబీ-2 అనే కేటగిరీ క్యూలో మనవాళ్ల వంతు 2012లో అప్లై చేసినవాళ్ల దగ్గర నడుస్తోంది. నేను వాళ్లకు చాలా వెనక. కాబట్టి నాకు ఎలక్షనంటే ఆశయాలూ సిద్ధాంతాలూ కాదు, టెన్షన్. ఆ ఏడాది ఆ టెన్షన్ జూలైలోనే మొదలైంది. 15న ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా వాన్స్ పేరు ప్రకటించారు, 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నారు. మా వాట్సాప్ గ్రూపుల్లో నిద్ర కరువైంది. వాన్స్ భార్య ఉష గారి పూర్వీకులది తణుకు దగ్గర వడ్లూరు అని తెలిసిన క్షణం నుంచి సగం మంది ఆవిడకు వరసకు అన్నయ్యలైపోయారు. మిగతా సగం, బైడెన్ బదులు బరిలోకి దిగిన కమలా హారిస్ తల్లిది మద్రాసు కాబట్టి మనకీ వాటా ఉందన్నారు. నాకు రెండు వైపులా ఒక్క ఓటూ లేదు. అయినా పెన్సిల్వేనియాలో ఏ కౌంటీ ఎటు మొగ్గుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

అంతకుముందు మే నెలలో ఆంధ్రా ఎన్నికలప్పుడూ ఇదే వరస. అక్కడ నాకు నిజంగానే ఓటుంది. కందుకూరు వెళ్లి వేసి రావాలని గట్టిగా అనుకుని, టికెట్ ధర చూసి మానుకున్నాను. కానీ వాదన మాత్రం ఏ రాత్రీ మానలేదు. "ఓటు ఉన్నచోట వెయ్యరు, లేనిచోట లెక్కలేస్తారు" అంటుంది మా ఆవిడ.

ఇక గిటారు సంగతి.

మా పిల్లది పుర్రచేతి వాటం. కర్ణాటక వయొలిన్ ఆన్‌లైన్‌లో నేర్పించాను. కమాను కుడిచేత్తోనే పట్టాలన్నారు గురువుగారు. ఊరి నుంచి మా అమ్మ వీడియోలో కనబడినప్పుడల్లా "ఆ చేత్తో తినకమ్మా, ఆ చేత్తో ఇవ్వకమ్మా" అనేది. నేనూ వంత పాడాను. సరళి స్వరాలు, జంటలు, గీతాలు దాటి వర్ణాల దాకా లాక్కొచ్చి, ఒకరోజు పెట్టె మూసేసింది. ఎంత బతిమాలినా తెరవలేదు. మానేసిందని చెప్పడానికి మొహం చెల్లక, గురువుగారికి కొన్నాళ్లు ఊరికే ఫీజు పంపాను. ఇలాంటి పెద్దమనిషిని పిల్లల పెంపకం గురించి సలహా అడుగుతుంటారు కొత్తగా వచ్చినవాళ్లు.

తర్వాత అది తనంతట తానే ఎలిజబెత్ కాటన్ అనే పాతకాలపు గిటారు కళాకారిణిని కనిపెట్టింది. ఆవిడ పుట్టింది 1893లో, మా ఇంటి నుంచి కారులో అరగంట దూరంలో ఉన్న కార్‌బొరోలో. నల్లజాతి పేదింటి పిల్ల. కుడిచేతివాళ్ల గిటారును తీగలు మార్చకుండా తిప్పి పట్టుకుని, ఎడంచేత్తో వాయించింది. అందరూ బొటనవేలితో వాయించే మంద్రం ఆవిడ వేళ్లతో వాయిస్తుంది. అందరూ వేళ్లతో పలికించే పాట ఆవిడ బొటనవేలి మీద నడుస్తుంది. ఇంటి దగ్గర పట్టాల మీద పోయే గూడ్సు బండి మీద చిన్నప్పుడే పాట కట్టింది. బతుకంతా ఇళ్లల్లో పనిచేసి, అరవై దాటాక లోకానికి తెలిసి, తొంభై దాటాక గ్రామీ అందుకుంది. ఎడంచేత్తో వాయించొద్దని ఆ పిల్లకు చెప్పే నాన్న లేడా అని నాకు ముందు అనిపించింది. నా బుద్ధి అలా పనిచేస్తుంది.

కాటన్ పాటల నుంచి మా అమ్మాయి బ్లైండ్ బాయ్ ఫుల్లర్ అనే బ్లూస్ గాయకుడి పాటల దగ్గరికి వెళ్లింది. చూపు పోయాక గిటారే జీవనాధారం చేసుకుని డర్హంలో ఉండిపోయిన మనిషి, 1941లో పోయాడు. ఎక్కడ వాయించేవాడో తెలుసా అని అడిగింది. పొగాకు గోదాముల బయట. వేలంలో రైతుల చేతికి డబ్బొచ్చే రోజుల్లో ఆ వీధుల్లో నిలబడితే నాలుగు నాణేలు రాలేవి. నేను ఉద్యోగం చేసేది ఆ ఊళ్లోనే. అలనాటి పొగాకు ఫ్యాక్టరీ ఎర్ర ఇటుకల భవనాల్లో ఇప్పుడు ఆఫీసులూ హోటళ్లూ. అక్కడ ఎన్నోసార్లు భోంచేశాను, ఆ గోడలు ఎవరివని ఒక్కరోజూ అడగలేదు.

నాకు నోట మాట రాలేదు. మా నాన్న పొగాకు రైతు. మా ఊళ్లో వర్జీనియా పొగాకు అంటామే, బ్యారన్ అనే కొట్టంలో వేడిగాలికి ఆరబెట్టే ఆ పద్ధతి వచ్చింది ఈ కరోలినా, వర్జీనియా సరిహద్దు నుంచే. ఆకు రెలిచే రోజుల్లో నా వేళ్లకు పట్టిన జిగురు నాకింకా గుర్తే. నాన్న బేళ్లు వేసుకుని వేలం కేంద్రానికి వెళ్లి, కొనేవాడు లేక నో బిడ్ అనిపించుకుని తిరిగొచ్చిన రాత్రుళ్లు మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఇదంతా మా అమ్మాయికి నేనెప్పుడూ చెప్పలేదు. త్యాగరాజు గురించి చెప్పాను. ఆయన ఊరు నేను చూడలేదు. పొగాకు గురించి చెప్పడానికి మాత్రం ఎందుకో చిన్నతనంగా ఉండేది. ఆ రోజు చెప్పాను. "తాతయ్య వేలం దగ్గర ఎవరైనా పాడేవాళ్లా?" అని అడిగింది. గుర్తుకు రాలేదు. మర్నాడు అమ్మకు ఫోన్ చేసి అడిగాను. "పాటలా? అప్పులవాళ్లు ఉండేవాళ్లు" అంది.

సెప్టెంబరు చివర్లో హెలీన్ తుఫాను మా రాష్ట్రం పడమటి కొండల మీద విరుచుకుపడింది. ఆష్‌విల్ చుట్టుపక్కల ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ నెల మొదట్లోనే బుడమేరు పొంగి విజయవాడ మునిగింది, మా అత్తగారి వీధిలోకి పడవలొచ్చాయి. అప్పుడు ఆ పూటకే డబ్బు పంపాను. ఆష్‌విల్ వార్త విన్నప్పుడు మాత్రం, ఆ కొండల్లో పోలింగ్ తగ్గితే ఎవరికి దెబ్బ అని లెక్కేశాను. లోపల అనుకుంటే పోయేది, పైకే అన్నాను. మా అమ్మాయి ప్లేటు పక్కకు నెట్టి, "అక్కడ మనుషులు చచ్చిపోయారు నాన్నా. నువ్వు ఇక్కడి ఎలక్షన్‌ని క్రికెట్ మ్యాచ్‌లా చూస్తావు" అని లేచిపోయింది. ఆ వారాంతం స్నేహితులతో కలిసి ఒక కాఫీ షాపు ముందు వాయించి, వచ్చిన డబ్బు కొండ ప్రాంతానికి పంపింది. నేనూ వెళ్లాను, డబ్బా చూసుకునే పని నాకిచ్చారు. ఫోన్ జేబులోంచి తీయకూడదని షరతు.

నవంబరు 5 రాత్రి మా హాల్లో టీవీ, ల్యాప్‌టాప్, ఫోను మూడూ మోగుతున్నాయి. మా రాష్ట్రం 16 ఎలక్టోరల్ ఓట్లూ ట్రంప్‌కు వెళ్లాయి. అదే రోజు గవర్నర్‌గా డెమోక్రాట్ స్టైన్‌ని గెలిపించారు ఇదే జనం. ఒకే చేత్తో రెండు వైపులా ఎలా వేశారని నేను తెల్లవార్లూ చర్చ పెట్టాను. మా అమ్మాయి పదింటికే పడుకుంది, పొద్దున లెక్కల పరీక్ష.

పిల్లల్ని బలవంతపెట్టకండి, వాళ్ల దారిన వదలండి అని రాద్దామనుకునే మొదలుపెట్టాను. నిజంగా వదిలానా? సంక్రాంతి సంబరాలకు వర్ణం వాయించమని మొన్న మళ్లీ అడిగాను. "లెఫ్ట్ హ్యాండ్‌తో అయితే ట్రై చేస్తా" అంది. గురువుగారు చూస్తే ఏమనుకుంటారో అని ఇంకా జవాబు చెప్పలేదు. వర్ణం ఎడంచేత్తో వాయిస్తే సరస్వతికి కోపమొస్తుందని నేను నమ్మను. మా అమ్మ నమ్ముతుంది. ఆవిడ పేరు చెప్పి నేను ఆగుతున్నానేమో కూడా.

ఓటు సంగతంటారా, ఆ ఫారంలో ఏ పార్టీ గడి మీద గుర్తు పెట్టిందో అది చెప్పదు. ఈ రాష్ట్రంలో ఓటరు పేరు పక్కన పార్టీ కూడా ఎన్నికల బోర్డు వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. దానికి పద్దెనిమిది నిండాక నేనూ చూడొచ్చు. చూడనని ఒట్టేయమంది. గ్రీన్‌కార్డు వచ్చాక వేస్తానన్నాను.