మెదడువాపు వెంట

మన ఊరి బడి వెనుక కాలువగట్టు మీద నిలబడితే కంటికి ఆనేవన్నీ ఒక వైరస్ బతుకులో భాగమే. నీరు నిలిచిన వరిమడులు, దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెంట వాలే తెల్లకొంగలు, ఊరి చివర మురుగుబోదె పక్కన పొర్లే పందులు. మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌ను మోసే క్యూలెక్స్ దోమలు వరిచేల నీటిలోనే పుట్టి పెరుగుతాయి. వైరస్ కొంగల్లో నిలిచి ఉంటుంది, పందుల్లో విపరీతంగా పెరుగుతుంది. మనిషి దగ్గరకు వచ్చేసరికి దాని దారి మూసుకుపోతుంది. మరో దోమకు అంటుకునేంతగా మన రక్తంలో అది పెరగదు. మనతో దానికి ఏ అవసరమూ లేదు, అయినా పసిపిల్లల మెదళ్లను పాడుచేసి పోతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక సార్వా, దాళ్వా పండించి మనకు అన్నం పెట్టిన నీటిని నేను ఒక్క మాట అనను. కానీ ఆ నీటి పక్కన పెరిగినదాన్ని కాబట్టే ఈ జబ్బును వదిలిపెట్టలేకపోయాను.

ఏడో తరగతిలో నా పక్కన కూర్చునే స్నేహితురాలి తమ్ముడికి జ్వరం వచ్చి, ఉన్నట్టుండి ఫిట్స్ మొదలయ్యాయి. కాకినాడ తీసుకెళ్లారు. మెదడువాపు అన్నారు. ఏ క్రిమి వల్ల వచ్చిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పిల్లవాడు ప్రాణంతో తిరిగొచ్చాడు, కానీ కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని వాళ్లమ్మగారు ఆ చేతికి కొబ్బరినూనె రాసి, బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలే తెరిచేవారు. చిటికెనవేలి దగ్గరకు వచ్చేసరికి మొదట తెరిచినవి మళ్లీ ముడుచుకునేవి. ఆవిడ మళ్లీ మొదటి నుంచి వచ్చేవారు. జ్వరం తగ్గిపోయింది కదా, మరి చెయ్యి ఎందుకు రావడం లేదు? నా చదువంతా ఈ ప్రశ్న మీదే నడిచింది.

మన సైన్సు మాస్టారిని అదే అడిగాను. ఆయన తనకు తెలియదని చెప్పి, భీమవరంలో పుట్టి, బోదకాలుకు మందు తెచ్చిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ చెప్పారు. బోదకాలు మన డెల్టాకు కొత్త కాదు. ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఇంటింటికీ వచ్చి వేలి నుంచి రక్తం తీసుకోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు రాత్రివేళే చర్మం దగ్గరి రక్తంలోకి చేరతాయి కాబట్టి ఆ వేళకు వచ్చేవారు. వాళ్లు ఇచ్చే డైఇథైల్‌కార్బమజైన్ మాత్ర, అమెరికాలో సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం వెలికితెచ్చినదే. ఆ మందులోని అసలు విశేషం నాకు పరిశోధనలోకి వచ్చాక తెలిసింది. గాజుగొట్టంలో వేస్తే అది ఆ పురుగు పిల్లలను పెద్దగా ఏమీ చేయదు. ఒంట్లోకి వెళ్లి, మన రోగనిరోధక వ్యవస్థ తోడైతేనే వాటిని తుదముట్టిస్తుంది. రోగం నయం కావడమైనా, ముదరడమైనా క్రిమి ఒక్కదాని చేతిలో లేదన్న సంగతి నాకు మొదట ఆ మాత్రే నేర్పింది.

అమలాపురంలో డిగ్రీ, విశాఖపట్నంలో ఎమ్మెస్సీ, బెంగళూరులో పీహెచ్‌డీ, కొన్నేళ్లు విదేశం, మళ్లీ స్వదేశం. ఎక్కడున్నా పని మాత్రం ఒకటే, ఆ చేతి ప్రశ్నకు జవాబు వెతకడం.

మన దేశంలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను తొలిసారి 1955లో వేలూరు ప్రాంతంలో గుర్తించారు. 1973లో పశ్చిమ బెంగాల్‌లోని బాంకురా, బర్ద్వాన్ జిల్లాల్లో పెద్ద ఎత్తున విరుచుకుపడింది. వైరస్ సోకిన సుమారు 250 మందిలో ఒక్కరికే తీవ్రమైన జబ్బు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అలా జబ్బుపడిన వారిలో మరణాలు 30 శాతం దాకా ఉండవచ్చు. బతికి బయటపడిన వారిలోనూ ఎందరికో చెయ్యో, మాటో, చదువో దక్కకుండా పోతుంది. మిగతా 249 మంది దోమకాటు దురదతోనో, కొద్దిపాటి జ్వరంతోనో బయటపడ్డారంటే వాళ్ల ఒంట్లో జరిగిన మంచి ఏమిటి? ఆ ఒక్కరిలో జరగనిది ఏమిటి?

మెదడుకు సొంతంగా రక్షణ కణాలు ఉన్నాయి. మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఓర్తేగా వీటిని విడిగా గుర్తించారు. ఇవి మన రక్తకణాల్లా ఎముకమజ్జలో తయారై వచ్చేవి కావు. పిండం తొలిదశలోనే పచ్చసొన సంచి నుంచి మెదడులోకి చేరి అక్కడే కాపురం ఉండిపోతాయని 2010లో ఎలుకల మీద తేలింది. ఆరోగ్యంగా ఉన్న ఎలుక మెదడును పలచని పొరలుగా కోసి, రంగు పట్టించి చూస్తే ఈ కణాలు కాలువలోంచి పైకెత్తిన గుర్రపుడెక్క వేళ్లలా సన్నసన్నని పాయలతో పరుచుకుని ఉంటాయి. వైరస్ సోకిన మెదడులో ఆ పాయలు పొట్టివైపోతాయి. కణం ఉబ్బి గుండ్రబడుతుంది. చనిపోతున్న న్యూరాన్ (నాడీకణం) చుట్టూ నాలుగైదు చేరి గుంపు కడతాయి. అక్కడి నుంచి అవి వదిలే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ వంటి రసాయనాలు వైరస్‌ను అడ్డుకోవడానికి పనికొచ్చేవే. మోతాదు మించితే వైరస్ అసలు తాకని పక్క న్యూరాన్లు కూడా చచ్చిపోతాయి. ఆ స్లైడు మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ అరుగు, ఆ ముడుచుకున్న వేళ్లు గుర్తొచ్చాయి. జ్వరం తగ్గినా చెయ్యి రాకపోవడానికి ఒక కారణం నా కళ్లెదుట ఉంది.

అయితే ఆ రక్షణను మందుతో అణచివేస్తే సరిపోతుందా? ఇక్కడే చాలామంది తొందరపడతారు. టీబీ వల్ల వచ్చే మెనింజైటిస్‌లో, అంటే మెదడు పొరల వాపులో, టీబీ మందులతో పాటు వాపును అణచే స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ ఇస్తే మరణాలు తగ్గాయని 2004లో వియత్నాంలో 545 మంది రోగులపై జరిగిన అధ్యయనం చూపించింది. వైకల్యం మాత్రం తగ్గలేదు. అదే మందును థాయ్‌లాండ్‌లో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ రోగులకు పెద్ద మోతాదులో ఇచ్చి చూస్తే, 1992లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఏ మేలూ కనిపించలేదు. మైక్రోగ్లియాను శాంతపరిచే మినోసైక్లిన్ ఎలుకలను బతికించింది. మెదడువాపు రోగులకు ఇచ్చి చూసినప్పుడు ఆ మేలు తిరుగులేకుండా రుజువు కాలేదు. 2018లో మరో సంగతి బయటపడింది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు దగ్గరి చుట్టమైన వెస్ట్ నైల్ వైరస్ సోకిన ఎలుకల్లో మైక్రోగ్లియాను ముందే తీసివేస్తే, అవి ఇంకా ఎక్కువగా చనిపోయాయి. చంపుతున్నాయని మనం నిందించిన కణాలే అంతకుముందు కాపాడుతూ వచ్చాయన్నమాట.

మొదటి రోజుల్లో ఈ కణాలు పూర్తి బలంతో పనిచేయాలి, వైరస్ తగ్గుముఖం పట్టగానే అవీ తగ్గాలి అని నా నమ్మకం. ఆ మలుపు ఎప్పుడు వచ్చిందో మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్నునీటిలోని ఏ ప్రొటీన్ చెప్పగలదన్నదే ఇప్పుడు మా ప్రయోగశాలలో జరుగుతున్న వెతుకులాట. అందుకే, రోగనిరోధక శక్తిని అమాంతం పెంచుతామంటూ పొడులు, టానిక్కులు అమ్మే ప్రకటనలు చూస్తే నాకు కోపం వస్తుంది. ఎక్కడ, ఎంత, ఎప్పటిదాకా అన్నది చెప్పకుండా పెంచుతామనడం పిల్లలున్న ఇళ్లను మోసం చేయడమే.

మెదడువాపు అంటే ఒకే జబ్బు కాదు కూడా. 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు జబ్బు చేసి 183 మంది చనిపోయినప్పుడు, పుణె శాస్త్రవేత్తలు దానికి చండీపురా వైరస్ కారణమని తేల్చారు. అది మెదడు మీదకు వచ్చే వేగం ఎంతటిదంటే, చాలామంది పిల్లలు ఆసుపత్రిలో చేరిన ఒక్క రోజులోనే పోయారు. కాబట్టి జ్వరంతో ఉన్న బిడ్డకు ఫిట్స్ వచ్చినా, మగతలోకి జారుకున్నా, మనుషులను గుర్తుపట్టకపోయినా తెల్లవారే దాకా ఆగవద్దు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు టీకా ఉంది. వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ప్రభుత్వం తొమ్మిదో నెల నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి ఉచితంగా వేస్తోంది. మీ పిల్లల, మనవల టీకా కార్డులో అది ఉందో లేదో మీ ఆశా కార్యకర్తను అడగండి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నేను చెప్పిన స్లైడ్లు వెంట తెస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు వాటిని తమ కళ్లతో చూడాలి. హెడ్మాస్టరు గారికి ఫోను చేస్తే ఒక పూట గది ఇస్తామన్నారు. కరెంటు ఉన్నా లేకపోయినా ఇబ్బంది లేకుండా, అద్దంతో వెలుతురు పట్టే మైక్రోస్కోపులు రెండు తెస్తాను. వాటికి ఎండ బాగా పడే కిటికీ పక్కన రెండు బల్లలు వేయించి ఉంచమని ఆయనతో చెప్పాను.