రెండు స్పీకర్ల నడుమ

మిర్యాలగూడల మా పెద్దనాయిన ఇంట్ల పాత రికార్డు ప్లేయర్ మళ్ల పాడింది. రెండు స్పీకర్లకు సమానదూరంల కూసున్న. గొంతు సరిగ్గా నడుమ నుంచి వచ్చింది, ఆడ ఉత్త గోడ తప్ప ఏం లేదు! రెండు దిక్కుల నుంచి ఒకే సప్పుడు ఒకేసారి, ఒకే జోరుతోని చెవులకు చేరితే మెదడు దాన్ని మధ్యల నిలబెడతది.

ఈ స్టీరియో పద్ధతికి 1931లనే ఇంగ్లండు ఇంజనీరు అలన్ బ్లమ్‌లీన్ పేటెంటు దరఖాస్తు చేసిండు. రికార్డుల ఒకే గాడి, దాని రెండు గోడల మీద రెండు చానెళ్లు: ఒకటి ఎడమ, ఒకటి కుడి. స్టీరియో రికార్డులు మామూలు ఇండ్లకు చేరింది మాత్రం 1958 నుంచే. ఆయన అది చూడలే. 1942ల రాడార్ పరీక్షలల్ల విమానం కూలి పానం పోయింది. 38 ఏండ్లే! ఆ సంగతి తెలిసినంక రాత్రంతా మనసున పట్టలే.

ఇప్పుడు ఒక్క బ్లూటూత్ డబ్బా మూలకు పెట్టి వింటున్నం. సౌకర్యమే, కాదనను. కానీ ఎడమ, కుడి అన్నీ కలిసి ఒకే తావున వినవడతయి. ఇంట్ల రెండు స్పీకర్లుంటే గోడకు మూరెడు దూరం జరుపుండ్రి, చెవులెత్తుకు లేపుండ్రి, నడుమ కూసోని వినుండ్రి. డప్పు ఏ దిక్కున మోగుతుందో మీకే తెలుస్తది.