‘ఓన్లీ ఫ్యామిలీస్’ బోర్డున్న గేటు దగ్గర ఏం మాట్లాడాలి

హైదరాబాద్‌లో ఒక్కరే ఉండడానికి ఇల్లు వెతికేవాళ్లకు ఇల్లు చూడకముందే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఫ్యామిలీయా, బ్యాచిలరా?" బ్యాచిలర్ అనగానే అవతల ఫోన్ పెట్టేస్తారు. ఇరవై మూడేళ్ల కుర్రాడికీ, విడాకులు తీసుకున్న నలభై ఏళ్ల టీచర్‌కీ అదే జవాబు. ఇది అన్యాయం. అయితే పెళ్లి కాలేదని ఇల్లు ఇవ్వకపోతే నేరుగా అడ్డుకునే చట్టం మనకు లేదు కాబట్టి వాదించి గెలవలేం. ఆ ‘కాదు’ వెనక ఉన్న భయాలు మాత్రం నాలుగైదే. వాటికి ముందే జవాబు పట్టుకెళ్తే కొన్ని గేట్లయినా తెరుచుకుంటాయి.

మొదటి భయం నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో బోర్లు ఎండిపోతే ట్యాంకర్ తెప్పించాలి. ఒక్కడే ఉంటానని దిగినవాడి దగ్గర నెల తిరిగేసరికి నలుగురు ఉంటున్నారన్నది చాలామంది ఓనర్ల అనుభవం. తర్వాత రాత్రిపూట గోల, వచ్చీపోయే స్నేహితులు, పక్క ఫ్లాట్ల నుంచి వచ్చే ఫిర్యాదులు. చివరిది, ఉద్యోగం మారగానే చెప్పాపెట్టకుండా వెళ్లిపోతారేమోనన్న అనుమానం. "నేను మంచివాణ్నండీ" అంటే వీటిలో ఒక్కటీ తీరదు. "నేనొక్కణ్నే ఉంటాను, ఆ సంగతి అగ్రిమెంట్‌లో రాసిద్దాం" అంటే మొదటిది అక్కడికక్కడే తీరుతుంది.

ఫోన్ చేయకండి, వెళ్లండి. ఫోన్‌లో మీరు ఒక బ్యాచిలర్ మాత్రమే, గేటు దగ్గర ఎదురుగా నిలబడ్డ మనిషి. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు మధ్య అయితే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ దొరుకుతారు. నిర్ణయం చాలాసార్లు ఆవిడదే, కాబట్టి ఆయనతో మాట్లాడుతూ ఆవిడను పక్కన పెట్టకండి. ఒక ఫైల్‌లో ఆఫీసు ఐడీ కాపీ, చివరి మూడు నెలల పేస్లిప్పులు, పాత ఇంటికి అద్దె పంపినట్టు చూపే బ్యాంక్ స్టేట్‌మెంట్, పాత ఓనర్ నంబరు (ఆయన్ను ముందే అడిగి) పెట్టుకోండి. అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఆ పాత ఓనర్ నంబరే. "రెండేళ్లున్నాడు, ఒకటో తారీఖు దాటనిచ్చేవాడు కాదు" అని ఇంకో ఓనర్ చెప్తే ఇక మీరు చెప్పాల్సింది పెద్దగా ఉండదు. ఆధార్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో దొరుకుతుంది, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. పోలీస్ వెరిఫికేషన్ అంటే వెనక్కి తగ్గకండి, మీరే ముందుగా "చేయించండి" అనండి. ఆ మాటతోనే ఓనర్‌కు సగం ధైర్యం వస్తుంది.

"పెళ్లి కుదిరింది, రెండు నెలల్లో వచ్చేస్తుంది" అని అబద్ధం చెప్పి దిగమని కొందరు బ్రోకర్లే సలహా ఇస్తారు. ఆ పని చేయొద్దు. మూడో నెలలో నిజం బయటపడితే ఖాళీ చేయమంటారు, అప్పటికి మీ అడ్వాన్స్ వాళ్ల చేతిలో ఉంటుంది, అడిగే నోరు మీకు ఉండదు.

ఇంకో ప్రశ్న వస్తుంది. "ఇంటిపేరేంటి?" అని మొదలై "మీరేమిటోళ్లు?" దాకా వెళ్తుంది. అద్దెకీ కులానికీ సంబంధం లేదు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన అవసరం ఏ అద్దెదారుకీ లేదు. "ఆ వివరం ఎందుకండీ, ఆఫీసు వివరాలు ఇస్తాను" అని నెమ్మదిగా అనండి. మళ్లీ అడిగితే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది. మీ కులం తెలిశాకే ఇల్లిచ్చే మనిషి రేపు మీ ఇంటికి ఎవరొచ్చారు, మీ వంటింట్లో ఏం ఉడుకుతోంది అని కూడా అడుగుతాడు.

వెతికే సమయం మీద చాలా ఆధారపడి ఉంటుంది. ఖాళీ చేసేవాళ్లు ఎక్కువగా నెల మొదట్లో చెప్తారు, బోర్డులు ఆ వారంలోనే గేట్లకెక్కుతాయి. కాబట్టి ఐదో తారీఖు నుంచి ఇరవై లోపు తిరగండి. ఆషాఢంలో కుటుంబాలు ఇల్లు మారడానికి ఇష్టపడవు, పాలు పొంగించడానికి శ్రావణం వచ్చేదాకా ఆగుతాయి. ఆ నెలంతా ఇల్లు ఖాళీగా ఉంచడం కంటే ఒంటరివాళ్లకు ఇవ్వడమే నయమనుకునే ఓనర్లు ఉంటారు. మీకు పట్టింపు లేకపోతే అద్దె కూడా కాస్త తగ్గించి అడగొచ్చు.

బ్యాచిలర్లకు సులువుగా దొరికేది మేడ మీద గది. హైదరాబాద్‌లో దాన్నే పెంట్‌హౌస్ అంటారు. దాన్ని పొద్దున చూడొద్దు, మధ్యాహ్నం మూడింటికి వెళ్లి ఫ్యాన్ వేసి పది నిమిషాలు కూర్చోండి. నాలుగువైపులా ఎండ, పైన స్లాబ్ తప్ప ఏమీ లేదు, మే నెలలో ఫ్యాన్ వేడిగాలే కొడుతుంది. కూల్ రూఫ్ పెయింట్ వేయించమని, ఏసీకి 16 యాంప్స్ పాయింట్ ఉందో లేదో చూపించమని అప్పుడే అడగండి. బాత్రూమ్ కొళాయి పూర్తిగా తిప్పి చూడండి. ట్యాంక్ అదే మేడ మీద ఉంటే ఎత్తు చాలక నీళ్లు సన్నగా వస్తాయి, గీజర్ సరిగ్గా నిండదు. ఆపైన పైకప్పు మూలల్లో తెల్లగా పొడిలా ఉప్పు తేలిందేమో చూడండి, వానాకాలంలో కారేది అక్కడే. కొత్తగా సున్నం వేసిన గోడను నమ్మకండి, తట్టి చూడండి.

మెట్లు, గేటు సంగతి డబ్బు ఇవ్వకముందే తేల్చుకోవాలి. చాలా ఇళ్లలో రాత్రి పదిన్నరకు గేటుకు తాళం పడుతుంది. మీ క్యాబ్ రాత్రి రెండింటికి దింపేదైతే ఆ మాట మొదటిరోజే చెప్పి, గేటు తాళంచెవి ఒకటి అడగండి. "చూద్దాంలే" అంటే అది కాదన్నట్టే. ఆడవాళ్లకు ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. కొందరు ఓనర్లు పెద్దరికం తీసుకుని ఎప్పుడొచ్చావు, ఎవరొచ్చారు అని లెక్క చూస్తారు. అమ్మానాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వారం దాకా ఉండొచ్చని, స్నేహితులు పగలు రావచ్చని అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయించుకోండి. గది తలుపుకు మీ సొంత తాళం వేసుకుంటామని కూడా అప్పుడే చెప్పండి.

ఇక డబ్బు. హైదరాబాద్‌లో అడ్వాన్స్ మామూలుగా రెండు నెలల అద్దె, కొన్నిచోట్ల మూడు. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టం కూడా నివాసానికి రెండు నెలలకు మించొద్దంటుంది, కానీ అది రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలయ్యే నమూనా. బ్యాచిలర్ కదా అని ఐదు నెలలు అడిగితే ఒప్పుకోకండి, ఖాళీ చేసేటప్పుడు అంత డబ్బు ఒకేసారి వెనక్కి రాదు. అడ్వాన్స్ బ్యాంక్ ద్వారానే పంపండి. ఇల్లు చూడకముందే గేట్ పాస్ కోసమో బుకింగ్ కోసమో క్యూఆర్ కోడ్ పంపే ‘ఆర్మీ ఆఫీసర్’ ఓనర్ ఎవరైనా ఆన్‌లైన్‌లో తగిలితే అది మోసం, నంబరు బ్లాక్ చేయండి.

కరెంటు మీటర్ వేరుగా ఉందా, ఓనర్ మీటర్ కిందే పెట్టిన సబ్‌మీటరా అని తప్పకుండా అడగండి. ఒక్క మనిషికి ఈ తేడా చాలా పెద్దది. తెలంగాణలో 2022లో సవరించిన టారిఫ్‌లో వంద యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 రూపాయల చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున పడతాయి. నెలకు 90 యూనిట్లు కాల్చే మనిషికి సొంత మీటర్ ఉంటే యూనిట్ల ఖర్చు 221.50 రూపాయలు, పైన కొద్దిగా ఫిక్స్‌డ్ చార్జీలు. సబ్‌మీటర్‌కు యూనిట్‌కి పది చొప్పున లెక్కేస్తే అదే వాడకానికి 900. ఇందులో ఓనర్ వైపు నుంచీ ఒక కారణం ఉంది: మీ యూనిట్లు వాళ్ల మీటర్‌లో కలిసి మొత్తం 400 దాటితే ఆ పైన యూనిట్‌కి 9.50 పడుతుంది. కాబట్టి గొడవపడకుండా బిల్లు చూపించమని, మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి మీ వాటా తీసుకోమని అడగండి.

అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటే లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయించాలి. అందులో తప్పకుండా ఉండాల్సినవి: నోటీసు ఇద్దరికీ ఒక్కటే గడువు (నెల అయితే ఓనర్‌కూ నెలే), ఏటా అద్దె పెంపు ఎంత శాతమో, పెయింటింగ్‌కు ఎంత కోస్తారో. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ ఆనవాయితీగా మారింది. ఏడాది లోపు వెళ్తే సగం, రెండేళ్లు దాటితే ఏమీ లేదు అని రాయించుకోవడానికి ప్రయత్నించండి. హెచ్ఆర్ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు క్లెయిమ్ చేసేవాళ్లు అద్దె ఏడాదికి లక్ష దాటితే ఆఫీసుకు ఓనర్ పాన్ నంబరు ఇవ్వాలి. దిగాక అడిగితే "అయితే అద్దె పెంచుతా" అంటారు, అందుకే ముందే అడగాలి. ముగ్గురు కలిసి తీసుకుంటే ముగ్గురి పేర్లూ ఉండాలి, లేదంటే మిగతా ఇద్దరు వెళ్లిపోయినా మొత్తం అద్దె పేరున్నవాడి మెడకే చుట్టుకుంటుంది.

సామాను దించకముందు ఖాళీ ఇంటిని గోడ గోడా వీడియో తీయండి: మేకుల రంధ్రాలు, పగిలిన టైల్, సింక్ కింద తడి, మీటర్ రీడింగ్. దాన్ని అదేరోజు ఓనర్‌కు వాట్సాప్ చేయండి, తారీఖుతో సహా మిగిలిపోతుంది. ఖాళీ చేసేటప్పుడు ఎక్కువమంది ఇరుక్కునేది "కొత్తవాళ్లు దిగాక ఇస్తా" అన్న మాట దగ్గర. నోటీసు ఇచ్చే రోజే, రెండు నెలల అడ్వాన్స్‌లో ఒకటి చివరి నెల అద్దెకు సర్దుకోమని అడిగి ఒప్పించి, ఒప్పుకున్న మాట మెసేజ్‌లో రాయించుకోండి. అప్పుడు వెనక్కి రావాల్సింది ఒక నెల డబ్బే. అది కూడా ఆఖరి మీటర్ రీడింగ్ ఇద్దరూ చూసి, ఖాతాలో పడ్డాకే తాళంచెవులు చేతికివ్వండి.