గోంగూర ఎడమ కన్ను

ఊసరవెల్లి పగటిపూట కునుకు తీయదు. లైటు వెలుగుతున్నంతసేపూ దాని రెండు కళ్ళూ చెరో దిక్కు చూస్తూనే ఉంటాయి. అందుకే మిట్టమధ్యాహ్నం మా గోంగూర ఎడమ కన్ను మూసుకుని కొమ్మ మీద కూర్చుంటే నాకు టెన్షన్ పట్టుకుంది.

గోంగూర మా అబ్బాయి పెట్టిన పేరు. మగవాడు, యెమెన్ ప్రాంతపు వెయిల్డ్ జాతి, పెంపకంలోనే పుట్టాడు. మేముండేది డాలస్ దగ్గర, ఇక్కడ వీటిని కొని పెంచుకోవచ్చు. మన ఊళ్ళలో కంపల మీద కనిపించేదాన్ని మాత్రం పట్టుకొచ్చి పెంచకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

ఊసరవెల్లికి పై రెప్ప, కింది రెప్ప కలిసిపోయి కంటిని బుడిపెలా కప్పేస్తాయి. నల్లగుడ్డు దగ్గర చిన్న రంధ్రం మాత్రం మిగులుతుంది. లోపల ఏం ఇరుక్కున్నా బయటికి కనిపించదు. నీళ్ళు చల్లినప్పుడు, నిద్రకు ముందు కంటిని ఉబ్బించి గుండ్రంగా తిప్పి శుభ్రం చేసుకోవడం మామూలే. అది కాసేపట్లో సర్దుకుంటుంది. వీడిది సాయంత్రమైనా తగ్గలేదు. కన్ను కొమ్మకేసి రుద్దుతున్నాడు. నాలుక విసిరితే కీచురాయికి కాదు, పక్క ఆకుకు తగిలింది.

ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది ఒక కన్నా, రెండు కళ్ళా అని. రెండూ మూస్తుంటే సాధారణంగా తేడా ఒంట్లోనో బోనులోనో ఉంటుంది: నీళ్ళు చాలకపోవడం, విటమిన్ ఎ లోపం, ఎండకు బదులు బోనులో పెట్టే యూవీబీ లైటు మరీ దగ్గరగా ఉండటం. కళ్ళు గుంటలు పడినా, రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకు తిరిగినా నీళ్ళ కొరతే అనుకోవచ్చు. ఒక్క కన్నే అయితే దుమ్మో, కుబుసం ముక్కో, దెబ్బో అయ్యుంటుంది. వీడి రెట్ట బాగానే ఉంది, కుడి కన్ను చురుగ్గా తిరుగుతోంది.

గోరువెచ్చని నీళ్ళు సన్నటి తుంపరగా చాలాసేపు కొట్టాం. ఇంట్లో మనుషుల కంటి చుక్కలున్నా ముట్టుకోలేదు. అలాంటి వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది, కంటిపొర మీద పుండుంటే అది ముదురుతుంది.

మర్నాటికీ అంతే. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే ఆసుపత్రివాళ్ళు ఫోన్లోనే మావల్ల కాదన్నారు. సరీసృపాలు చూసే డాక్టరు కొంచెం దూరంలో దొరికారు. ఈ సంగతి ఫోన్లో వింటూ అమ్మ, "ఊసరవెల్లికి కంటి డాక్టరేంట్రా!" అని నవ్వు ఆపుకోలేకపోయింది.

డాక్టరు ముందు రంగు చుక్క వేసి నీలి వెలుతురులో చూసి, కంటిపొరకు గాయం లేదన్నారు. తర్వాత సన్నటి గొట్టంతో రెప్ప కిందికి సెలైన్ పంపి కడిగితే కుబుసం ముక్క, దాని చుట్టూ చీము బయటపడ్డాయి. సరీసృపాల చీము మన చీములా కారదు, గట్టి జున్నులా ఉంటుంది. అందుకే దానంతటది బయటికి రాదు. పనిలో పనిగా విటమిన్ ఎ కూడా ఇవ్వమంటారా అని అడిగాను. లోపం లక్షణాలేమీ లేవు, ఎక్కువైతే విషమవుతుంది, విటమిన్ డి3 పని చెడగొడుతుంది అని వద్దన్నారు. యాంటీబయాటిక్ చుక్కలు రాసిచ్చారు.

ఆ చుక్కలు వేయడమే పెద్ద యుద్ధం. పైనుంచి చేయి వస్తే గద్ద వచ్చినట్టే భయపడతాడు. నల్లబడి, ఒళ్ళు ఉబ్బించి, బుస కొట్టేవాడు. చేతిని కొమ్మలా కిందనుంచి పెట్టి వాడే ఎక్కేదాకా ఆగాలని తర్వాత తెలిసింది. చుక్కను రంధ్రం మీద నిలిపి కదలకుండా ఉంటే, ఒకసారి కన్ను తిప్పగానే లోపలికి జారిపోయేది.

కన్ను పూర్తిగా పోతే వేటాడగలడా అన్న దిగులు నాకుండేది. 1977లో లిండ్సే హార్క్‌నెస్ చేసిన ప్రయోగం గురించి చదివాక కొంచెం ధైర్యం వచ్చింది. ఊసరవెల్లుల కళ్ళముందు లెన్సులు పెడితే వాటి గురి తప్పింది. అంటే దూరాన్ని అవి ఫోకస్ బట్టి కొలుస్తాయి, ఒక్క కంటితో కూడా ఆ పని జరుగుతుంది. అయినా నొప్పి ఉన్నన్నాళ్ళూ పురుగుల్ని కప్పులో వేసి ముఖం ముందు పెట్టాం.

వాపు మెల్లగా దిగింది. కన్ను తెరిచాక కూడా డాక్టరు చెప్పినంతకాలం చుక్కలు ఆపలేదు. వాడికి నామీద కోపం మాత్రం పోలేదు. మా అబ్బాయి చేయి పెడితే ఎక్కుతాడు, నేను పెడితే నోరు తెరుస్తాడు.