ఇంతమంది అమ్మమ్మలా?

"అమ్మమ్మ చేతి రుచి అని రాసేయ్ బావా, జనం పడిపోతారు" అంటాడు మా బామ్మర్ది. ఆత్రేయపురంలో వాడి పూతరేకుల కొట్టుకి కరపత్రం రాయమని పొద్దున్నుంచీ ఒకటే గొడవ.

రావులపాలెం రోడ్డులో ఏ బోర్డు చూసినా అమ్మమ్మే కదరా! జిల్లాలో ఇంతమంది అమ్మమ్మలు ఉన్నారా అని నాకు డౌటు.

చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, మాటలో తర్కం. ఒప్పించడానికి ఈ మూడూ దారులని అరిస్టాటిల్ ఎప్పుడో చెప్పాడు. మావాడు మనసు దగ్గరే ఆగిపోయాడు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకమైన సరుకేనని సర్కారు ముద్ర, వచ్చింది. నమ్మకానికి అంతకంటే ఏం కావాలి? దాన్నేమో అడుగున చిన్నక్షరాల్లో వేయమంటాడు.

ఈలోగా వెనక షెడ్డులో అత్తయ్యగారు బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద అలా లాగారు. కింద ఎండు కొబ్బరాకుల మంట. రెప్పపాటులో రేకు లేచింది, అవతల మనిషి కనపడేంత పల్చగా. కారు దిగిన వైజాగ్ వాళ్లు బోర్డు వంకే చూడలేదు. నేరుగా అక్కడికెళ్లి వీడియో తీసుకుని, నాలుగు డబ్బాలు కట్టించుకున్నారు.

కరపత్రం తర్వాత, ముందు ఆ పొయ్యి రోడ్డు వైపుకి మార్చరా అన్నాను.

"ఆ ఎండలో మీరు కూర్చుంటారా అల్లుడుగారూ?" అన్నారు అత్తయ్యగారు.