ఒక్క మారిషస్‌ని లోతుగా చదివితే ఎన్ని పేపర్లకి పనికొస్తుందో: నా ప్రిపరేషన్ అనుభవం

ఫ్రెండ్స్, పోటీ పరీక్షల మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్లు చాలామంది అడుగుతున్నారు, ఈ చిన్న చిన్న దేశాలన్నీ ఎలా చదవాలి, చదివినా నిలవట్లేదు అని. రాజధాని, కరెన్సీ, ప్రధాని పేరు ఇలా పట్టికలు పెట్టుకుని బట్టీ పడితే నిలవదు. నేనైతే ఒక్క దేశం పట్టుకుని, ప్రతి పాయింట్ దగ్గరా "ఎందుకు?" అని అడుగుతూ వెళ్లా, ఆ దేశం మారిషస్.

ముందు మ్యాప్. హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కి తూర్పున, దాదాపు 20 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంటుంది, దేశం మొత్తం కలిపి 2,040 చదరపు కిలోమీటర్లే, అంటే మన ఉమ్మడి తూర్పుగోదావరిలో ఐదో వంతు కూడా లేదు. అగ్నిపర్వతాల నుంచి పుట్టిన దీవి కాబట్టి నేలంతా నల్లటి బసాల్ట్ రాయి. ఫొటోలు చూడండి, చెరకు తోటల మధ్యలో నల్లరాళ్ల గుట్టలు కనపడతాయి, అవి పొలం చేయడానికి కూలీలు చేతుల్తో ఏరి పోసిన రాళ్లు. ఆగ్నేయ వ్యాపార పవనాలు (ఆగ్నేయం వైపు నుంచి వీచే గాలులు) వచ్చి మధ్య పీఠభూమిని తాకుతాయి కాబట్టి దాని మీదున్న క్యూర్‌పీప్ ఊళ్లో ఎప్పుడూ తడే, అదే పడమటి తీరం మాత్రం పొడి. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయ (కొండకి అవతలి వైపు వాన తక్కువ పడటం) చదివినవాళ్లకి ఇది మళ్లీ చదవక్కర్లేదు, దిక్కు మార్చుకుంటే చాలు. ఇక చెరకే ఎందుకు? తుఫాన్లు ఎక్కువ, చెరకు ఒరిగినా మళ్లీ లేస్తుంది, మిగతా పంటలు పోతాయి. చూశారా, ఫిజికల్ జాగ్రఫీ నుంచి ఎకానమీలోకి వచ్చేశాం.

జనం సంగతి నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. అక్కడ మూలవాసులంటూ ఎవరూ లేరు. 1598లో డచ్‌వాళ్లు దిగారు, 1715లో ఫ్రెంచ్‌వాళ్లు తీసుకున్నారు, 1810లో బ్రిటిష్‌వాళ్లు గెలిచారు. 1835లో బానిసత్వం రద్దవుతుంటే తోటల్లో పనికి మనుషులు కావాలి, అందుకే 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది ఒప్పంద కూలీలు దిగారు, 1920 దాకా అలా వచ్చినవాళ్లు నాలుగున్నర లక్షల దాకా ఉంటారు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టులోకి వచ్చింది. ఈ రోజు అక్కడి జనాభాలో సుమారు మూడింట రెండు వంతులు భారతీయ మూలాలవాళ్లే.

మాది కాకినాడ జిల్లా. ఇంటర్వ్యూలో "మీ జిల్లాకీ మారిషస్‌కీ ఏమైనా సంబంధం ఉందా" అని మేడమ్ ఒకరు అడిగారు. గోదావరి ముఖద్వారం దగ్గర కోరంగి అని పెద్ద రేవు ఉండేదండి, అక్కణ్ణుంచే చాలామంది తెలుగువాళ్లు ఓడలెక్కారు, 1839 తుఫానుకి ఆ రేవు దెబ్బతింది, మారిషస్‌లో ఇప్పటికీ ఉగాది ప్రభుత్వ సెలవు, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి అని చెప్పా. చెప్తుంటే నాకే గొంతు పట్టేసింది, ఎందుకంటే ఇవాళ కోరంగి అంటే అందరికీ మడ అడవులే గుర్తొస్తాయి, ఓడలెక్కిపోయిన మనుషులు ఎవరికీ గుర్తురారు.

ఎకానమీలో ఒక కథ పట్టుకోండి చాలు. 1960ల మొదట్లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త, తర్వాత నోబెల్ కూడా వచ్చింది ఆయనకి, ఈ దేశం భవిష్యత్తు కష్టమే అని రిపోర్టు ఇచ్చారు: ఒక్క పంట, పెరిగే జనాభా, ఖనిజాలు లేవు. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక వీళ్లేం చేశారంటే 1970లో ఎక్స్‌పోర్ట్ ప్రాసెసింగ్ జోన్ చట్టం (ఎగుమతి కోసం సరుకు చేసే ఫ్యాక్టరీలకి రాయితీలు) తెచ్చి బట్టల ఫ్యాక్టరీలు రప్పించారు, యూరప్ దేశాలతో కుదిరిన 1975 లోమే ఒప్పందంలోని షుగర్ ప్రోటోకాల్‌తో యూరప్‌కి మంచి రేటుకి చక్కెర అమ్మారు, ఆ డబ్బులో కొంత హోటళ్లలోకీ ఫ్యాక్టరీల్లోకీ వెళ్లింది. తర్వాత యూరప్ రేటు 36 శాతం తగ్గించింది, 2009కి ఆ ప్రోటోకాల్ కూడా అయిపోయింది, అయినా దేశం కూలిపోలేదు ఎందుకంటే అప్పటికే టూరిజం, ఫైనాన్స్ నిలదొక్కుకున్నాయి. చెరకు పిప్పితో కరెంటు కూడా తీస్తున్నారు, ఎనర్జీ ఆన్సర్‌లో ఈ ఉదాహరణ రాయండి. మనతో ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం మారిషస్ నుంచి పెట్టుబడి పెట్టినవాళ్ల షేర్ల లాభం మీద మనం పన్ను వేయకూడదు, అందువల్ల ఏళ్ల తరబడి మనకొచ్చే విదేశీ పెట్టుబడిలో పెద్ద వాటా మారిషస్ దారిలో వచ్చింది, 2016 సవరణతో 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్ల లాభం మీద మనం పన్ను వేయొచ్చు. ఈ ఒక్క వాక్యం ప్రిలిమ్స్‌కీ మెయిన్స్‌కీ రెండిటికీ పనికొస్తుంది.

ఇంటర్నేషనల్ రిలేషన్స్‌కి మూడు పేర్లు. ఒకటి చాగోస్ దీవులు: 1965లో బ్రిటన్ మారిషస్ నుంచి విడదీసింది, 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అది తప్పని అభిప్రాయం చెప్పింది, 2025 మేలో వాటిని మారిషస్‌కి తిరిగిచ్చే ఒప్పందం మీద సంతకాలయ్యాయి, సైనిక స్థావరం ఉన్న డియెగో గార్సియా దీవి మాత్రం బ్రిటన్‌కి 99 ఏళ్ల లీజు అని అందులో ఉంది. రెండు అగలేగా, మారిషస్‌వే చిన్న దీవులు: అక్కడ మన సాయంతో కట్టిన ఎయిర్‌స్ట్రిప్, జెట్టీ 2024 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యాయి. మూడు సాగర్ విధానం (హిందూ మహాసముద్ర ప్రాంతంలో అందరికీ భద్రత, అభివృద్ధి అనేది), 2015లో మన ప్రధాని ప్రకటించింది మారిషస్‌లోనే. దేశం చిన్నదే గానీ దాని సముద్ర ఆర్థిక మండలం (చేపలు, ఖనిజాల మీద ఆ దేశానికే హక్కున్న సముద్రం) సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్లు, అందరి కన్నూ అక్కడే ఎందుకుందో ఈ అంకె చూస్తే తెలుస్తుంది.

నోట్స్ ఒక్క ఏ4 పేజీ దాటనివ్వకండి, మధ్యలో మ్యాప్ చేత్తో గీయండి, గాలి వచ్చే వైపు బాణం గుర్తు పెట్టండి, ఆన్సర్ షీట్‌లో అదే బొమ్మ చిన్నగా వేయడానికి నిమిషం కూడా పట్టదు.

ఇదయ్యాక ఫిజీ తీసుకోండి. అక్కడికీ 1879 నుంచి మన కూలీలే వెళ్లారు, అక్కడా చెరకే, కానీ ఫిజీలో 1987 నుంచి సైనిక తిరుగుబాట్లు జరిగాయి, మారిషస్‌లో ఎన్నికలతోనే ప్రభుత్వాలు మారుతున్నాయి. ఫిజీలో మూలవాసులున్నారు, భూమిలో ఎక్కువ భాగం వాళ్లదే. మారిషస్‌లో ఆ పరిస్థితి లేదు, పైగా తక్కువ సంఖ్యలో ఉన్న వర్గాలకి సీట్లు దక్కేలా బెస్ట్ లూజర్ పద్ధతి (ఓడినవాళ్లలో బాగా ఓట్లొచ్చిన కొందరికి అదనపు సీట్లివ్వడం) పెట్టుకున్నారు. ఈ రెండు దేశాల తేడా మీద 150 పదాల్లో ఆన్సర్ ఒకటి రాసి చూడండి.