గొట్టాలతో గడిచిన ఆదివారం

ఇవాళ పొద్దున్నుంచీ గొట్టాల పనే. మోడల్ రైల్వే లేఅవుట్‌లో ఒక మూలకి కడుతున్న స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమి) ఒళ్ళు నిలబడింది, దానికి గాలి వేడిచేసి ఇచ్చే స్టవ్‌లు మూడూ నిలబడ్డాయి, ఇక వాటిని కలపాలి. బయటినుంచి చూసేవాళ్ళకి ఫర్నేస్ అంటే ఆ పొడవాటి కొలిమే. కట్టేవాడికి మాత్రం అసలు పనంతా దాని చుట్టూ ఉండే గొట్టాల్లోనే ఉంటుంది.

కిట్ కొనేసి అతికించొచ్చు కదా అని అడిగేవాళ్ళున్నారు. కొనొచ్చు, మంచివే దొరుకుతాయి. కాకపోతే కిట్‌లో పదమూడో ముక్కని పద్నాలుగో ముక్కకి అతికించమంటారు, మనం అతికిస్తాం, ఆ గొట్టంలో ఏం పారుతుందో తెలుసుకోవాల్సిన అవసరమే రాదు. సొంతంగా కడితే అలా కుదరదు. నిజమైన ఫర్నేస్ ఫొటోలో ఒక పైపు సగం దూరం వెళ్ళి స్టవ్ వెనక మాయమవుతుంది. అది ఎక్కడ తేలుతుందో తెలియాలంటే ఫర్నేస్ ఎలా నడుస్తుందో తెలియాలి.

నాకు ఆధారం అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గరున్న క్యారీ ఫర్నేసులు. 1906-07లో కట్టిన 6, 7 నంబర్ల ఫర్నేసులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, 2006లో వాటిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. ఒక్కోటీ 92 అడుగుల ఎత్తు. నేను పనిచేసేది హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే 1:87, అసలుదానిలో 87వ వంతు, కాబట్టి నా ఫర్నేస్ 32 సెంటీమీటర్లు వచ్చింది. పక్కన నిలబెట్టిన మనిషి బొమ్మ రెండు సెంటీమీటర్లు. ఎత్తు విషయంలో నేను అస్సలు రాజీపడలేదు. స్టవ్‌లు నాలుగుకి బదులు మూడు పెట్టినా, షెడ్డు సగం చేసినా కంటికి పట్టదు గానీ, ఫర్నేస్ పొట్టిదైతే మొత్తం ప్లాంటే బొమ్మలా అయిపోతుంది. నిజమైన స్టీల్ ప్లాంట్ రెండు కిలోమీటర్లు పరుచుకుని ఉందనుకుంటే, మన స్కేల్‌లో అది 23 మీటర్లు. అంత గది ఎవరికుంటుంది? అందుకే బొగ్గుని కాల్చి ఫర్నేస్‌కి ఇంధనంగా కోక్ తయారుచేసే ఓవెన్లు వదిలేశాను, కోక్ బయటినుంచి వ్యాగన్లలో వస్తుంది. ఉక్కు తయారుచేసే షాపు వెనక గోడమీద బొమ్మ మాత్రమే. కరిగిన ఇనుము నింపుకున్న లాడిల్ కార్లు ఆ గోడలో ఉన్న కంతలోంచి అవతలికి వెళ్ళిపోతాయి. క్యారీలో కూడా ఇనుము అక్కడ ఉక్కు అయ్యేది కాదు, మొనాంగహేలా నది మీద వంతెన దాటి హోమ్‌స్టెడ్‌కి వెళ్ళేది. కాబట్టి నా కంత కొంచెం చరిత్ర ఉన్న కంతే.

సరే, గొట్టాలు. నేను గాలి వెళ్ళే దారినే పట్టుకుని వెళ్తున్నాను. బ్లోయింగ్ ఇంజన్ల గది నుంచి చల్లగాలి స్టవ్‌ల దగ్గరికి వస్తుంది. స్టవ్ అంటే లోపల జల్లెడలాంటి ఇటుకలు పేర్చిన పొడవాటి డబ్బా. ముందు గ్యాస్ మండించి ఆ ఇటుకల్ని కాలుస్తారు, తర్వాత గ్యాస్ ఆపి అదే ఇటుకల మధ్యనుంచి గాలి పంపుతారు, అది వెయ్యి డిగ్రీల పైచిలుకు వేడితో బయటికొస్తుంది. ఒక స్టవ్ గాలి ఇస్తుంటే మిగతావి కాగుతుంటాయి. గాలిని ముందే వేడిచేస్తే బొగ్గు ఆదా అవుతుందని గ్లాస్గోలో నీల్సన్ 1828లో పేటెంట్ తీసుకున్నాడు, ఈ ఇటుకల స్టవ్ 1857లో కౌపర్ది. దీన్నిబట్టి నాకు పనికొచ్చేదేంటంటే, ప్రతి స్టవ్‌కీ చల్లగాలి లోపలికి, వేడిగాలి బయటికి, గ్యాస్ లోపలికి, పొగ చిమ్నీకి అని నాలుగు దారులు కావాలి. మూడు స్టవ్‌లంటే పన్నెండు కనెక్షన్లు, ప్రతిదానికీ ఒక వాల్వ్. మధ్యాహ్నం భోజనానికి పిలిచేసరికి ఏడు కనెక్షన్లు అయ్యాయి.

స్టవ్‌లకి 75 మిల్లీమీటర్ల ప్లంబింగ్ పైపు వాడాను, స్కేల్‌లో ఆరున్నర మీటర్ల వ్యాసం. పైన గుమ్మటం ప్లాస్టిక్ బంతిలో సగం. వేడిగాలి మెయిన్‌కి కరెంటు వైరింగ్‌కి వాడే 20 మిల్లీమీటర్ల పైపు, అది 1.74 మీటర్లకి లెక్కొస్తుంది. పైపు లోపల కూడా ఇటుక పరుపు ఉంటుంది కాబట్టి వేడిగాలి గొట్టం ఎప్పుడూ లావుగానే కనిపించాలి, చాలామంది మోడల్స్‌లో ఇది సన్నగా ఉండి తేడా కొడుతుంది. పీవీసీకి స్టైరీన్ షీట్ అతికించే సాల్వెంట్ పనిచేయదు, గరుకు కాగితంతో బాగా రుద్ది ఎపాక్సీ పెట్టాల్సిందే. ఎపాక్సీ గట్టిపడేదాకా చేత్తో పట్టుకుని కూర్చోవడమొక ధ్యానం, ఆ టైమ్‌లోనే ఫోన్ మోగుతుంది.

ఫర్నేస్ నడుం చుట్టూ తిరిగే బసల్ పైప్ మీద ఎక్కువసేపు పట్టింది. వేడిగాలి మెయిన్ వచ్చి ఈ రింగులో కలుస్తుంది, రింగులోంచి వంకర మెడల్లాంటి చిన్న గొట్టాలు దిగి ట్యూయర్లనే ముక్కుల ద్వారా కొలిమిలోకి గాలి కొడతాయి. రింగుకి మెత్తటి ట్యూబులో రాగితీగ దూర్చి వంచాను, ఆకారం అలాగే నిలబడింది. మెడలు పన్నెండు. పెద్ద ఫర్నేసుల్లో ముప్ఫై దాటి ఉంటాయి, నాది పాతకాలంది కాబట్టి పన్నెండు చాలు. ఇవి క్యాస్ట్ హౌస్, అంటే కరిగిన ఇనుము బయటికి పారే షెడ్డు, కప్పు కింద ఉంటాయి, కప్పు వేసేస్తే వంగి చూస్తే తప్ప కనపడవు. మరెందుకు ఇంత కష్టం అంటే, వంగి చూసేవాళ్ళు ఉంటారు. నేనే చూస్తాను.

డౌన్‌కమర్ మాత్రం ఆనందంగా గడిచింది. ఫర్నేస్ నెత్తిమీద నాలుగు గొట్టాలు లేచి, కలిసి, ఒక పెద్ద గొట్టంగా ఏటవాలుగా డస్ట్ క్యాచర్ మీదికి దిగుతాయి. ఆ వాలు అందం కోసం పెట్టింది కాదు. గ్యాస్‌తో పాటు వచ్చే దుమ్ము మధ్యలో పేరుకుపోకుండా జారాలి. డస్ట్ క్యాచర్ పొట్ట వెడల్పుగా ఉండటానికీ కారణముంది. గొట్టంలోంచి వచ్చిన గ్యాస్ అక్కడ ఒక్కసారిగా నెమ్మదిస్తుంది, దిశ మార్చుకుంటుంది, బరువైన దుమ్ము కిందపడుతుంది. ఇది తెలిశాక వాలు ఎంత ఉండాలని ఫొటోమీద కొలతలు పెట్టే పని తగ్గింది, పడుకోబెట్టకూడదని తెలిస్తే చాలు. రెండు గొట్టాల్ని ఏటవాలుగా కలిపేటప్పుడు కోత ఎలా గీయాలంటే, గొట్టానికి కాగితం చుట్టి, దానిమీద కోత గీత గీసి, విప్పితే అల వస్తుంది. ఆ అల కత్తిరించుకుని అచ్చుగా పెట్టుకుంటే ఎన్ని గొట్టాలైనా ఒకేలా తెగుతాయి. త్రికోణమితి క్లాసులో సైన్ గ్రాఫ్ గీయించినప్పుడు ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

సాయంత్రం అక్క కొడుకు వచ్చాడు. తొమ్మిదో తరగతి. రాగానే, "మావయ్యా, పైనుంచి పొగ రావాలి కదా, స్మోక్ యూనిట్ పెట్టవా?" అన్నాడు. రాకూడదురా, ఆ గ్యాసే స్టవ్‌లకి వంటగ్యాస్‌లాంటిది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, మండుతుంది, ఊరికే వదిలేస్తే డబ్బు వదిలేసినట్టే, అందుకే ఫర్నేస్ మూతికి గంట ఆకారపు మూతలు రెండు పెడతారు, సరుకు పైకి మోసే స్కిప్ బండి దాన్ని పోసినప్పుడు ఒకటి తెరుచుకుంటే రెండోది మూసి ఉంటుంది అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి ప్రెషర్ ఎక్కువైతే?" అన్నాడు. ఎక్కువైతే పైనున్న బ్లీడర్ వాల్వులు తెరుచుకుంటాయి, నిజమే. "అయితే అప్పుడప్పుడూ పొగ రావచ్చు!" అని వాడు గెలిచినట్టు మొహం పెట్టాడు. రావచ్చు. స్విచ్ పెడతాను, ఎప్పుడోసారి నొక్కుకోమన్నాను. ఎప్పుడోసారి అనే మాటకి వాడి దగ్గర అర్థమేంటో నాకు తెలుసు.

దీపాల సంగతి కూడా వాడే తెచ్చాడు. ఎర్ర ఎల్‌ఈడీలు పెడదామంటాడు. కొలిమిలోంచి వచ్చే ఇనుము 1500 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ వేడికి అది ఎర్రగా ఉండదు, తెలుపు కలిసిన పసుపుగా వెలుగుతుంది. ఎరుపు చల్లారుతున్న స్లాగ్‌ది, అంటే ఇనుముతో పాటు కరిగి వచ్చే మడ్డిది. కాబట్టి ఇనుము కాలువలో వార్మ్ వైట్, స్లాగ్ గుంటలో నారింజ, ఎరుపు అంచులు. ఇంటర్నెట్‌లో కనపడే ఫర్నేస్ మోడల్స్‌లో సగం వాటికి ఈ ఎర్రదీపాల జబ్బు ఉంది.

రంగులు ఇంకా మొదలుపెట్టలేదు, ప్రైమర్ కొట్టి ఆరబెట్టాను అంతే. ఈసారి మొత్తం ప్లాంట్‌కి ఒకటే తుప్పు రంగు పూయను. ముడిసరుకు నిలవుంచే స్టాక్ హౌస్ వైపు ఖనిజం ధూళి పడి ఎర్రగా, కోక్ దింపే చోట నల్లగా, సున్నపురాయి దగ్గర తెల్లగా ఉండాలి. క్యాస్ట్ హౌస్‌లో కరిగిన ఇనుములోంచి గ్రాఫైట్ రేకులు లేచి అన్నిటి మీదా పడతాయి కాబట్టి అక్కడ బూడిద రంగు మీద చిన్న మెరుపు. పెన్సిల్ ముక్కు గీకిన పొడి దీనికి భలే పనికొస్తుంది, అదీ గ్రాఫైటే కదా.

రాత్రి పడుకోబోయే ముందు పట్టాలు సరిచూశాను. క్యాస్ట్ హౌస్ నేల 75 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది, కింద లాడిల్ కారు నిలబడితే పైన మూతికీ కాలువకీ మధ్య సరిపడా ఖాళీ ఉంది. ఇనుము ఒక పక్కన, స్లాగ్ ఇంకో పక్కన దిగాలి. స్లాగ్ తేలిక, ఇనుము మీద తేలుతుంది, కాలువలో ఒక అడ్డు పెడితే విడిపోతుంది, దానికి విడిగా ఇంకో లైను. ఆ స్లాగ్ లైనుకి వంపు బాగా బిగుతుగా వచ్చింది, పొట్టి స్లాగ్ బండ్లు తిరిగాయి గానీ పెద్ద ఇంజన్ పెడితే పట్టాలు తప్పింది. చిన్న స్విచింగ్ ఇంజన్ ఒకటి ఉంది, ఎప్పటిదో, మోటారు కొంచెం ఏడుస్తుంది. వచ్చే ఆదివారం దాన్ని విప్పి నూనె వేసి చూడాలి, అది కూడా తిరగకపోతే వంపు కోసి మళ్ళీ వేయాల్సిందే, అంటే గోడలో కంత కూడా నాలుగు వేళ్ళు పక్కకి జరుగుతుంది.